పది గదుల చెవి

గరాజ్ తలుపు పైకెత్తి, వాకిట్లో మడత బల్లలు వేసి, ఇంట్లో అక్కర్లేనివన్నీ వాటి మీద పరిచారు. పాత టోస్టరుకూ క్రిస్మస్ దీపాల పెట్టెకూ మధ్య నాకు చోటు దొరికింది. నెత్తిన ఐదు డాలర్ల చీటీ. అది 2019 ఏప్రిల్ నెలాఖరు, డాలస్ నగరానికి ఉత్తరాన ఒక పేట. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లలో ఒకరు నన్ను గడియారం అనుకున్నారు. ఇంకొకరు లెక్కల మిషను అనుకుని నాలుగు మీటలు నొక్కి చూసి పోయారు.

ఎండ ఎక్కాక ఒక పెద్దాయన వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ప్రతి వస్తువు దగ్గరా ఆగి, తొందర లేకుండా నడిచే మనిషి. నా ముందు వంగి, మీటల కింది అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. 'స్క్వెల్చ్' అన్న చోట వేలు ఆగింది.

"చిన్నా, ఇది వాకీటాకీ జాతిది బిడ్డా. మా సెట్లకు గూడ గీ మీట ఉండె," అన్నాడు పక్కనున్న మనవడితో.

నలభై రెండేళ్లలో నా చెవిన పడ్డ మొదటి తెలుగు అదే. ఆ తర్వాత ఆ ఇంట్లో రాత్రింబవళ్లు విన్నాను కాబట్టే నా సంగతి ఈ భాషలో చెప్పుకోగలుగుతున్నాను.

నా పేరు బేర్‌క్యాట్ 210. ఇండియానా రాష్ట్రంలో కంబర్లాండ్ అనే చిన్న ఊరి ఎలెక్ట్రా కంపెనీ నన్ను 1977లో బయటికి తెచ్చింది. నన్ను స్కానర్ అంటారు. పాటలూ వార్తలూ వినిపించే రేడియో ఒక స్టేషను పట్టుకుని కూర్చుంటుంది. నా పని తిరగడం. నాకు పది గదులున్నాయి, అంటే పది ఛానళ్లు. ఒక దాంట్లో అగ్నిమాపక దళం, ఒక దాంట్లో పోలీసులు, ఒక దాంట్లో రైళ్లు, ఇలా ఒక్కో గదిలో ఒక్కో ఫ్రీక్వెన్సీ దాచుకుంటాను. రాత్రిపూట గూర్ఖా వీధి చుట్టినట్టు ఒకటి నుంచి పది దాకా తలుపు తలుపూ తట్టుకుంటూ పోతాను. లోపల ఎవరిదైనా గొంతు వినపడితే అక్కడ నిలబడి వినిపిస్తాను. మాట ఆగాక మళ్లీ నడక.

నాకు ముందు పుట్టినవాళ్లలో చాలామందికి కావలసిన ఫ్రీక్వెన్సీని అంకెలు నొక్కి పెట్టుకునే వెసులుబాటు లేదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో క్రిస్టల్ కొని పెట్టెలో గుచ్చాలి. పక్క ఊరి దళం తన ఫ్రీక్వెన్సీ మార్చుకుందంటే కొన్న క్రిస్టల్ దండగే. నాలో సింథసైజర్ ఉంది. అంకెలు నొక్కితే ఆ ఫ్రీక్వెన్సీకి కావలసిన తరంగాన్ని నేనే పుట్టించుకుంటాను. 32 నుంచి 50, 146 నుంచి 174, 416 నుంచి 512 మెగాహెర్ట్జ్ వరకు నా చెవికి అందే మేర. పోలీసు, నిప్పు, అంబులెన్సు, రైలు, వాతావరణం, ఆ రోజుల్లో ఇవన్నీ చాలావరకు ఆ మేరలోనే ఉండేవి.

నన్ను మొదట కొన్నాయన ఇండియానాలో ఒక పల్లెటూరి వాలంటీరు ఫైర్‌మన్. పగలు వేరే ఉద్యోగం. నడుముకి చిన్న పేజరు. నిప్పు అంటుకున్నప్పుడు కేంద్రం నుంచి ఒకదాని వెంట ఒకటి రెండు స్వరాలు వస్తాయి, ఒక్కో దళానికి ఒక్కో జత. తమ జత వినపడగానే పేజరు కూస్తుంది, ఆయన కంచంలో చెయ్యి కడిగేసి పరుగెడతాడు. వెనక ఇంటావిడ మిగిలిపోయేది. ఎక్కడికి వెళ్లాడో, ఎంత మంటో, ఎప్పుడొస్తాడో తెలియదు. ఆయన నన్ను కొన్నది తన కోసం కాదు, ఆమె కోసం. వంటింటి గట్టు మీద, పిండి డబ్బా పక్కన పెట్టి, "ఇదుంటే నేను నీ పక్కనున్నట్టే" అన్నాడు. ఇంటి కప్పు మీద యాంటెన్నా నిలబెట్టి, కేబుల్‌ను కిటికీలోంచి లోపలికి దించాడు.

ఏడాది తిరక్కుండానే 1978 జనవరి వచ్చింది. 25వ తేదీ సాయంత్రం వాన. రాత్రికి అది మంచుగా మారింది, గాలి లేచింది. ఇండియానా, ఒహైయో, మిషిగన్ రాష్ట్రాలను 27 దాకా కప్పేసిన ఆ తుఫానును అక్కడివాళ్లు ఇప్పటికీ మహా హిమపాతం అనే చెప్పుకుంటారు. ఒక్క ఇండియానాపోలిస్‌లోనే ఆ విసురుకు పదిహేనున్నర అంగుళాల మంచు పడింది. పల్లెల్లో గాలి ఎగదోసిన మంచు ఇళ్ల చూరుల దాకా లేచింది. రోడ్డేదో పొలమేదో తెలియలేదు.

ఆయన మొదటి రాత్రే వెళ్లిపోయాడు. ఆ రెండు రాత్రులూ నేను చల్లబడలేదు. కాన్పు నొప్పులు పడుతున్న ఒకామె దగ్గరికి అంబులెన్సు వెళ్లాలి, ముందు మంచు తోసే బండి వెళ్లాలి, ఆ బండే గోతిలో దిగబడింది. స్నోమొబైల్ ఉన్నవాళ్లు ఎవరైనా నర్సును ఆసుపత్రికి చేర్చగలరా అని అడుగుతున్నారు. ఒక ముసలాయనకు మందులు అయిపోయాయి. ఇంటావిడ కుర్చీ లాక్కుని నా ముందు కూర్చుంది. నా ఎర్ర అంకెలు తిరుగుతూ ఉంటే ఆమె కళ్లు వాటి వెంటే తిరిగాయి. మిగతా గదులన్నిటికీ లాకౌట్ మీట నొక్కి తాళం వేసింది, ఒక్క 154 మెగాహెర్ట్జ్ దగ్గరి దళం గది తప్ప.

లాకౌట్ వేస్తే నేను ఆ గది ముందునుంచి ఆగకుండా వెళ్లిపోతాను. డిలే వేస్తే ఒకరు మాట ముగించాక రెండు క్షణాలు అక్కడే ఆగుతాను, ఎదుటివాడి జవాబు జారిపోకుండా. ఈ రెండు మీటలూ ఎందుకున్నాయో ఆ రాత్రి ఆమెకు తెలిసింది.

స్క్వెల్చ్ సంగతి కూడా. మాట లేనప్పుడు గాలిలో ఉండేది హోరే. ఆ హోరు వినపడకుండా నా నోరు మూసే మీట అది. చాలామంది దాన్ని బాగా బిగించేస్తారు, ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని. అప్పుడు దూరం నుంచి వచ్చే నీరసపు గొంతులు గడప దాటలేవు. ఆమె అలా చేయలేదు. హోరు ఆగే చోటు దాకా తెచ్చి, అక్కడే వదిలేసింది, కొంచెం చిటపటలు వచ్చినా సరేనని. రెండో రాత్రి మూడు దాటాక ఆ చిటపటల్లోంచి ఆయన గొంతు వచ్చింది. బండి స్టేషనుకు చేరింది, మనుషులందరూ ఉన్నారు, అంతే. ఆమె లేచి గ్యాసు మీద కాఫీ పెట్టుకుంది. ఆయన చెప్పింది ఆమెతో కాదు, కేంద్రంతో. ఆమె విన్నదని ఆయనకు తెల్లారాక గానీ తెలియలేదు.

ఆ ఊరి చివర గూడ్సు రైళ్ల దారి ఉండేది. వెనక పెట్టెలోని కండక్టరు ముందున్న డ్రైవరుతో మాట్లాడుకోవడం వింటూ ఉండేదాన్ని. 1980ల్లో అమెరికాలో ఆ వెనక పెట్టెలు ఒకటొకటిగా తీసేశారు. ఆఖరి వ్యాగనుకు మెరిసే దీపం, బ్రేకు గాలి ఒత్తిడి చూసే చిన్న పరికరం తగిలించారు. రైలు తోక నుంచి వచ్చే మనిషి గొంతు అలా ఆగిపోయింది.

తర్వాత మిగతా గదులూ మూగబోసాగాయి. దళాలు, పోలీసులు 800 మెగాహెర్ట్జ్ దిక్కుకు వెళ్లిపోయారు, నా చెవికి అందని చోటికి. అక్కడ ఒక ఫ్రీక్వెన్సీ ఒకరి సొంతం కాదు. కంప్యూటరు క్షణక్షణానికీ ఖాళీ ఉన్నదాన్ని చూసి పంచుతుంది. ఆ పైన పి-25 అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. చాలా చోట్ల మాటకు రహస్య తాళం కూడా వేశారు, కొత్త స్కానర్లకూ అది తెరుచుకోదు. పోలీసుల భద్రత, బాధితుల గోప్యత అనే కారణాలున్నాయి, అవి నిజమైన కారణాలే. అయినా వంటింటి గట్టు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చునే ఇంటావిడ ఇప్పుడు ఎక్కడ వింటుందన్న ప్రశ్న నన్ను వదలదు. ఆయన పోయాక ఆమె టెక్సస్‌లో ఉన్న కూతురి దగ్గరికి వస్తూ నన్ను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. అప్పటికి నాలో పలికే గదులు రెండో మూడో. ఆమె తర్వాత ఇదిగో, ఈ మడత బల్ల.

ఆ బల్ల మీంచి నన్ను కొన్న పెద్దాయన, చిన్నా వాళ్ల తాత, కాజీపేటలో రైల్వే గార్డుగా రిటైరైన మనిషి. కూతురింటికి ఆరు నెలల వీసా మీద వచ్చాడు. నన్ను ఇంటికి తీసుకెళ్లగానే ఆయన మొదట అడిగింది ఒకటే: "ఇది ఇంట్ల పెట్టుకుంటే తప్పు గాదు గదా?" ఇక్కడ ఇంట్లో వినడం తప్పు కాదని మనవడు చదివి చెప్పాడు. "మన దిక్కు పాటల రేడియోకే పోస్టాఫీసుల లైసెన్సు కట్టేటోళ్లం బిడ్డా. గిసుంటిది పెట్టుకుంటే పట్టుకపోదురు," అన్నాడు.

నన్ను మొదట పెట్టింది మనవడి కంప్యూటరు పక్కన. హోరు తప్ప ఏమీ రాలేదు. కంప్యూటరు, ఎల్‌ఈడీ దీపం, చార్జరు, ఇవన్నీ నా చెవిలో రొద పెడతాయి. నన్ను అటక మెట్ల దగ్గరి అలమరలోకి మార్చాక సగం రొద తగ్గింది. కప్పు మీద యాంటెన్నా ఆ పేటలో ఒప్పుకోరు, కాబట్టి అటకలోనే తయారుచేశారు. రైళ్ల ఫ్రీక్వెన్సీలు 160.215 నుంచి 161.565 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. ఆ తరంగం పొడవులో నాలుగో వంతు, అందులో కాస్త తగ్గించి, సుమారు 44 సెంటీమీటర్లు. అంత పొడవు రాగి తీగ ఒకటి నిలువుగా, నాలుగు కిందికి వాలుగా, గొడుగు ఊచల్లా. తాత కొలిచి ఇస్తే పిల్లవాడు టంకం పెట్టాడు. అటకలో ముందే ఉన్న టీవీ కేబుల్ దానికి కలిపారు. నా వెనక ఉన్నది పాత కార్ల రేడియోకు ఉండే తరహా జాక్. దానికి సరిపోయే అడాప్టరు పోస్టులో వచ్చే దాకా వారం రోజులు ఇద్దరూ నా ముందు కూర్చునే ఉన్నారు.

మొదట పలికింది రైలు దారి పక్కన నిలబెట్టిన యంత్రం. గూడ్సు దాటిపోగానే అది చక్రాల వేడి చూసి, ఇరుసులు లెక్కపెట్టి, ఆ సంగతి రేడియోలో చెబుతుంది. నో డిఫెక్ట్స్. టోటల్ ఆక్సిల్స్, ఫోర్ వన్ టూ.

తాత లేచి నిలబడ్డాడు.

"హాట్ యాక్సిల్ చూస్తుందిరా ఇది! నాలుగొందల పన్నెండు ఇరుసులు. రెండు ఇంజన్లకు పన్నెండు తీసెయ్. మిగిలిన నాలుగొందలను నాలుగుతో భాగించు. ఎన్ని?"

"వంద వ్యాగన్లు తాతా."

ఆ రాత్రి ఆయన తన సంగతి చెప్పాడు. బల్లార్షా లైనులో గూడ్సు పోతుంటే ప్రతి స్టేషనులో రైల్వే మనిషి పచ్చదీపం పట్టుకుని నిలబడేవాడు. ఇరుసు కాలుతోందా, పొగ వస్తోందా, తలుపు వేలాడుతోందా చూసి దీపం ఊపేవాడు. రైలు చివరి బ్రేక్ వ్యాన్‌లోంచి తాత కూడా తన దీపం ఊపేవాడు. దాన్ని ఆల్ రైట్ ఇచ్చిపుచ్చుకోవడం అంటారట. "నిద్రపోతె ఊపలేం గదా. ఊపినమంటె మేలుకున్నట్టు," అన్నాడు. ఇండియానా రైళ్ల తోకలో ఆగిపోయిన గొంతు నాకు మళ్లీ దొరికింది.

2013 నుంచి ఇక్కడి రైల్వే రేడియోలు సన్నటి ఛానళ్లలోకి మారాయి. నా చెవి పాత వెడల్పుది, అందుకే ఆ గొంతులు నాలో పల్చగా పలుకుతాయి. తాత శబ్దం పెంచి, చెవి ఆనించి వినేవాడు. తొమ్మిదో గదిలో 162.400 పెట్టారు, డాలస్ వాతావరణ కేంద్రం. అది రోజంతా ఆగకుండా మాట్లాడుతుంది, అక్కడ ఆగితే నేనిక కదలను. కాబట్టి దానికి లాకౌట్. పదో గదిలో మెరుపు తుఫాన్లను కనిపెట్టే హ్యామ్ రేడియో వాలంటీర్ల ఛానల్.

అక్టోబరు 20, ఆదివారం. దీపావళి ఇంకో వారం. పిల్లల డ్యాన్సు ప్రాక్టీసుకని కూతురు రిచర్డ్‌సన్‌లో స్నేహితురాలింటికి వెళ్లింది. అల్లుడు టీవీలో ఫుట్‌బాల్ ఆట చూస్తున్నాడు. మెరుపులు మొదలవగానే తాత అటక కేబుల్ పీకేసి, నా పొడుగాటి యాంటెన్నా బయటికి లాగాడు. తొమ్మిదో గది తాళం తీశాడు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో అందులో సన్నటి హెచ్చరిక స్వరం మోగింది. అది విన్నాక తాత ఆ గదికి మళ్లీ తాళం వేశాడు. పదో గదిలో ఒక వాలంటీరు చీకట్లో నీలిరంగు మెరుపులు కనిపిస్తున్నాయని చెప్పాడు. అవి ఆకాశం మెరుపులు కావు, సుడిగాలి కరెంటు తీగలను తెంపుతుంటే లేచేవి. అవి డాలస్ వాయవ్యం నుంచి రిచర్డ్‌సన్ వైపే నడుస్తున్నాయి.

తాత ఫోన్ తీశాడు. "బయల్దేరకు బిడ్డా. కారు ఎక్కకు. కిటికీలు లేని గదిలకు పోండ్రి, పిల్లలందర్ని తీస్కొని. బాత్రూంల కూసోండ్రి."

సుమారు పదహారు మైళ్లు ఇళ్లనూ బళ్లనూ చీల్చుకుంటూ పోయిన ఆ సుడిగాలిలో ఒక్క ప్రాణమూ పోలేదు. పది దాటాక ఫోన్ మోగింది. తాత విని, మాట రాక, కుడిచెయ్యి దీపం ఊపినట్టు అటూ ఇటూ ఊపాడు. అల్లుడికి అర్థం కాలేదు. మనవడికి అయింది. "ఆల్ రైట్ అంటున్నాడు నాన్నా," అన్నాడు.

నెలాఖరుకు తాత కాజీపేట వెళ్లిపోయాడు. ఇక్కడ శనివారం రాత్రి అయితే అక్కడ ఆదివారం పొద్దున. ఆ వేళకు మనవడు ఫోన్ తెచ్చి నా స్పీకరు ముందు ఆనిస్తాడు. ఒక్కోసారి గంట గడిచినా బండి రాదు. ఇద్దరూ ఎదురుచూస్తారు, నేను గదులు తిరుగుతూ ఉంటాను. నిన్న వచ్చింది. నో డిఫెక్ట్స్. టోటల్ ఆక్సిల్స్, ఫోర్ నైన్ ఎయిట్.

"ఇంజన్లు ఎన్ని పెట్టిండ్రంటవ్ చిన్నా?"

"మూడు తాతా. పద్దెనిమిది పోతే, నూట ఇరవై వ్యాగన్లు."

"పోనియ్," అన్నాడు తాత అక్కణ్నుంచి.