పంటి లెక్క

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి మూడు పండ్లు పోయినాయి. కింద రెండు, పైన ఒకటి. అక్కడి డాక్టరు పంటికి నాలుగున్నర వేల డాలర్లు చెప్పినాడంట. ఇన్సూరెన్సు లేదా అంటే ఉంది. కానీ అమెరికాలో పండ్ల ఇన్సూరెన్సు చాలావరకు ఏడాదికి వెయ్యి, రెండు వేల డాలర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. మిగతాదంతా మన జేబులోంచే. మా అన్న కంప్యూటర్లో పట్టిక గీసినాడు. పట్టిక గీయకుండా ఆయన పెండ్లి కూడా చేసుకోలేదు.

ఆ పట్టిక నాకూ పంపినాడు. మొదటి వరస మెక్సికో. అరిజోనా పక్కన, సరిహద్దుకు ఆనుకుని లాస్ ఆల్గొడోనెస్ అని చిన్న ఊరు. జనం ఐదారు వేలు, పండ్ల డాక్టర్లు వందల్లో. అమెరికా ముసలోళ్లు కారు ఇవతల పెట్టి, నడిచి గేటు దాటి, పని చేయించుకుని పొద్దుగూకేలోపల వెనక్కి వస్తారు. ముసలోళ్లే ఎందుకంటే, అరవై అయిదు దాటినోళ్లకు అక్కడి సర్కారు ఇచ్చే మెడికేర్ మామూలు పండ్ల వైద్యానికి డబ్బు కట్టదు. రెండో వరస హంగరీ. పక్కనున్న ఆస్ట్రియా వాళ్లు ఎప్పటినుంచో షోప్రోన్ లాంటి సరిహద్దు ఊళ్లకు పండ్ల కోసం పోతుంటారు. ఇప్పుడు దూరదేశాల వాళ్లు బుడాపెస్ట్‌లో దిగుతున్నారు. మూడోది టర్కీ. చవకే. అయితే కొందరికి బాగున్న పండ్లనే మేకుల మాదిరి అరగదీసి, మీద తెల్లటి తొడుగులు తొడిగి పంపితే, బ్రిటన్‌లో వాటికి ‘టర్కీ పండ్లు’ అని వెక్కిరింపు పేరే పడింది. ఆ వరసను మా అన్న ఎర్రగా కొట్టేసినాడు.

ఆఖరి వరస: ‘ఇండియా, కడప’. దాని ఎదురుగా ఒక చిన్న రాత: ‘పొలం రీసర్వే సంతకం పని కూడా ఉంది, టికెట్టు రెండింటికీ సర్దుకుంటుంది.’

తుమ్మలపల్లె యురేనియం ప్రాజెక్టుకు పొలం పోయినప్పుడు వచ్చిన డబ్బుతోనే అన్న అమెరికా పోయి ఎమ్మెస్ చదివినాడు. మిగిలిన రెండెకరాల్లో అరటి నేనే చూస్తాండా. పెదనాయన పోయినప్పుడు వీసా స్టాంపింగు భయంతో అన్న రాలేకపోయినాడు. దినాలన్నీ ఫోన్లోనే చూసినాడు. ఇప్పుడు గ్రీన్ కార్డు చేతికొచ్చింది, ఆ భయం లేదు. మన దేశానికి వైద్యం కోసం వచ్చే విదేశీయుల లెక్కలు సర్కారు ఏటా చెప్తుంది గానీ, సెలవు పెట్టి సొంతూరికొచ్చి పన్ను కట్టించుకుని పోయే ఇట్లాంటోళ్లు ఆ లెక్కల్లోకి రారు. రాజంపేట, రాయచోటి వైపు కువైట్ పోయినోళ్లను అడగండి, సెలవు పనుల్లో పంటి పని ఒకటి ఉండనే ఉంటుంది.

అన్న వచ్చిన రోజు పెద్దమ్మ సంగటి చేసి, నాటుకోడి పులుసు పెట్టింది. ఆయన ఒక పక్కనే నముల్తాంటే చూసి, ‘‘నమిలేదెందుకు నాయనా, సంగటి మింగేదే గదా’’ అనింది. ఆమె నోట్లో ఉండేదే నాలుగైదు గారపండ్లు. వాటి సంగతి ఆ పట్టికలో లేదు. ఆమె అడగనూ లేదు.

మరుసటి రోజు వేంపల్లె మీదుగా కడపకు కారులో నేనే తోలుకొని పోయినా. పెద్దమ్మ కూడా వస్తానని కూర్చుంది. డాక్టరు స్కాన్ తీసి, దవడ ఎముక రాయి మాదిరి ఉందన్నాడు. మూడు మరలూ ఒకే పూట బిగించేస్తానన్నాడు. మర అంటే టైటానియంది. 1965లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే ఆయన మొదటిసారి ఒక మనిషి దవడలో బిగించినాడు. ఎముక ఆ మరను కరుచుకోవల్ల. ఆ తర్వాతే దాని మీద పన్ను. కింది దవడకు సుమారు మూడు నెలలు, పైదానికి ఇంకొన్నాళ్లు ఎక్కువ. చవక దేశం వెతుక్కునేటోళ్లు చానామంది ఈ రెండో రాకను లెక్కేసుకోరు. పెద్దమ్మ మాత్రం డాక్టరు చెప్పేదంతా నోరు తెరుచుకుని విన్నది.

అన్న డబ్బు కట్టను కౌంటరు దగ్గరికి పోయినాడు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని మళ్లీ డాక్టరు గదిలోకి లాక్కపోయింది.

‘‘సారూ, మూడూ ఒకేసారి పెట్టొద్దు.’’

‘‘ఎందుకమ్మా? ఎముక బాగుంది, భయమేం లేదు.’’

‘‘బాగలేదని చెప్పు. మెత్తగుండాదని చెప్పు. ఈసారికి ఒకటి పెట్టు. అది కుదిరినాక ఇంకోటి. పంటికి రెండుసార్లు రావల్లంటివి గదా, మూడు పండ్లకు ఆరుసార్లు వస్తాడు. అంతకు మించి నేను కూడా ఉండనులే.’’

డాక్టరు కాసేపు బల్ల మీది కాగితాలు సర్దినాడు.

‘‘అమ్మా, రెండోసారి కూడా ఆయన ఇక్కడికి రాడు. టికెట్టు కంటే మెక్సికోలో పండ్లు బిగించుకునేదే తక్కువంట. మర కంపెనీ పేరు, కొలతలు కార్డు మీద రాసిమ్మని పొద్దున్నే అడిగినాడు. ఆ కార్డు చూపిస్తే ఎక్కడి డాక్టరైనా దానికి సరిపోయే పన్ను పెడతాడు.’’

పెద్దమ్మ తలుపు సందులోంచి కౌంటరు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

‘‘అయితే ఆ కొలత తప్పు రాసియ్యి సారూ.’’