దరఖాస్తు అక్కర్లేని పథకం

మన రాష్ట్రంలో పథకాలకు కరువు లేదు. అయినా అన్నిటికన్నా పక్కాగా అమలవుతున్న పథకానికి ఇంతవరకు ఏ ముఖ్యమంత్రీ తన పేరు పెట్టుకోలేదు. దానికి ఆధార్ అక్కర్లేదు, రేషన్ కార్డు అక్కర్లేదు. వేలిముద్ర పడలేదని ఎవర్నీ వెనక్కి పంపరు, లబ్ధిదారులకు వేళ్ళే లేవు గనక. పాలకాయతిప్ప నుంచి గుడివాడ దాకా రొయ్యల చెరువు చెరువునా బాక్టీరియాకు మందులను తట్టుకునే శక్తిని ఉచితంగా పంచిపెడుతున్నాం.

చెరువులో వెనామీ రొయ్య మేత మానేసిందనుకోండి. బండి మీద సలహాదారు గట్టు మీదికి వస్తాడు. ఆయనకు జీతం ఇచ్చేది మందుల కంపెనీ, సలహా మాత్రం ఉచితం. తెల్లమచ్చా? యాంటీబయాటిక్ కొట్టండి. తెల్లమచ్చ వైరస్ కదండీ, ఈ మందు దెబ్బ తీసే భాగాలేవీ దానికి ఉండవు కదా అని అడిగే ఓపిక అప్పుల్లో మునిగిన కౌలురైతుకు ఎక్కడిది? రొయ్య ఎదగడం లేదా? ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి. అది శిలీంధ్రాల చుట్టం. దానికీ అదే డబ్బా. మందు ఎక్కడ కొట్టాలో ఆ చోటే శత్రువు ఒంట్లో లేకపోతే మోతాదు రెట్టింపు చేసినా ఖర్చే రెట్టింపవుతుంది.

ఇక విబ్రియో బాక్టీరియాల సంగతి. చాలా విబ్రియోలకు ఆంపిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైము తాతల నాటి ఆస్తి. మనం పుట్టించింది కాదు, మనం రద్దు చేయగలిగిందీ కాదు. మనం చేస్తున్నదల్లా ఆ పాత ఆస్తి మీద కొత్త పట్టాలు రాసివ్వడం. డబ్బాలోని మందు వైరస్‌ను ముట్టుకోదు గానీ, అడుగు బురదలో తమ మానాన తామున్న కోట్ల సూక్ష్మజీవుల మీద పడుతుంది. లొంగేవి చస్తాయి, మొండివి మిగులుతాయి. మిగిలినవి తమ జన్యువుల్ని ఇరుగుపొరుగుకు కూడా పంచుతాయి, వడ్డీ లేకుండా. పట్టుబడి అయ్యాక తూము ఎత్తితే అంతా డ్రెయిన్‌లోకి, అక్కణ్ణుంచి సముద్రంలోకి. దివిసీమలో ఏ ఫైలూ ఇంత వేగంగా కదిలిన దాఖలా లేదు.

పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే చెప్పాడు, చాలీచాలని మోతాదు ఇస్తే సూక్ష్మజీవులు మొండికేస్తాయని. పాపం, ఆయనకు ఆక్వా షాపు లేదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు చెరువుల్లో వాడకూడదని ఎప్పుడో నిషేధించారు. ఆసుపత్రుల్లో ఇక ఏదీ పనిచేయనప్పుడు తీసే కోలిస్టిన్‌ను కోళ్ళకూ చేపలకూ పెట్టొద్దని కేంద్రం ఆజ్ఞాపించేసరికి 2019 వచ్చింది. ఆఖరి అస్త్రాన్ని మేతలో కలిపాక అమ్ములపొదికి తాళం వేశారన్నమాట.

చెరువులో మందుకు లెక్కే లేదు. దానికన్నా ఇంజనీర్లు కాస్త నయం, కనీసం అంకె వేస్తారు. ప్రకాశం బ్యారేజీ 11.9 లక్షల క్యూసెక్కులు తట్టుకుంటుందని లెక్క. 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షలు వచ్చింది. లెక్క గెలిచింది. కానీ వరదతోపాటు పడవలు కూడా కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను విరగ్గొట్టాయి. నీళ్ళకు లెక్క కట్టారు, పడవలు మాత్రం చెప్పకుండా వచ్చాయి!

అసలు ఏ అంకెలోనూ చేరనిది మడ అడవి. ఉప్పుపొన్న వేరు నీళ్ళను పీల్చి ఉప్పులో ఎక్కువ భాగాన్ని బయటే ఆపేస్తుంది. తెల్లమడ లోపలికి రానిచ్చి ఆకుల మీదికి తోసేస్తుంది. బురదలో ఊపిరాడకపోతే వేళ్ళనే పైకి లేపి గాలి పీలుస్తుంది. ఎవరూ డిజైన్ చేయలేదు, టెండరు పిలవలేదు, బిల్లు పెట్టలేదు. అందుకే కాబోలు దానికి ఏ పథకంలోనూ అర్హత లేదు. 1977 నవంబరు 19న అయిదు మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి పదివేల మందికి పైగా మింగిన సీమ ఇది. అంతటి అలను మడ పూర్తిగా ఆపేస్తుందని నేననను. దాని దూకుడు తగ్గిస్తుంది, తీరపు మట్టిని పట్టి ఉంచుతుంది. ఆ మడనే నరికి చెరువులు తవ్వాం. కరకట్ట ఉందిగా అన్నాం.

పోటు గీతకు 500 మీటర్ల లోపు రొయ్యల చెరువులు వద్దని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి, 200 మీటర్లు దాటితే లైసెన్సు ఇవ్వొచ్చంది. గీత జరిగిన సంగతి సముద్రానికి ఎవరైనా తెలియజేశారో లేదో.

అలాగని రొయ్యల్లో మందులకు పరీక్షలే లేవనకండి, పాపం తగులుతుంది. 2016 నుంచి యూరోపియన్ యూనియన్ మన చెరువు రొయ్యల సరుకులో సగానికి మందుల అవశేషాల పరీక్ష తప్పనిసరి చేసింది. తేడా వస్తే కంటైనర్ వెనక్కి. బ్రస్సెల్స్‌లో భోంచేసేవాడి పొట్ట భద్రం. ఇక్కడ డ్రెయిన్‌లో దిగి పీతలు పట్టేవాడి కాలికి ఆల్చిప్ప గీసుకుని పుండు చీము పట్టిందనుకోండి, మందుల షాపులో అందాజుగా రెండు రోజుల బిళ్ళలిస్తారు. ఆ చీముకు కల్చర్ టెస్టు చేయించమని పట్టుబట్టడానికి అతని కాలికి దిగుమతిదారుడు లేడు కదా.