నా కడుపుమంట

నాకు ఆకలెక్కువ. రోజూ పొద్దున్నే 50 కిలోల పేడ, దానికి సమంగా నీళ్ళు కలిపి తొట్టిలో పొయ్యాలి. పెళ్ళని ఒక రోజు, తిరునాళ్ళని ఒక రోజు మానేస్తే నేనేమీ అనను. అదే అలవాటైతే మాత్రం పప్పు సగం ఉడికాక నా సంగతి తెలుస్తుంది.

ఒంగోలు నుంచి కొండపి వెళ్ళే దారిలో ఒక పల్లె. అక్కడొక రైతు పెరట్లో, గొడ్లపాక పక్కన ఉంటాను. నేను గోబర్ గ్యాస్ ప్లాంటును. పైకి కనపడేది నల్లరంగు పూసిన ఇనప డ్రమ్మొకటే కాబట్టి కొత్తవాళ్ళు నీళ్ళ తొట్టేమో అనుకునేవారు. అసలు నేనంతా నేల కిందే. పది అడుగులు దాటిన ఇటుక బావి నా కడుపు. డ్రమ్ము ఆ బావిలో బోర్లించిన మూత. లోపల గ్యాసు పుట్టేకొద్దీ లేస్తుంది, వంటకు వాడేకొద్దీ దిగుతుంది. అది ఎంత ఎత్తున ఉందో చూసి, ఆ పూట కూర ఒకటా రెండా అన్నది ఇంటి కోడలు చెప్పేది. ఆమె అంచనా తప్పగా నేను చూడలేదు. కాగితం మీద లెక్కలు వేసినవాళ్ళవే తప్పేవి.

మా వంశం చిన్నదేం కాదు. 1897లోనే బొంబాయి మాటుంగాలో కుష్ఠురోగుల ఆశ్రమంలో మలం నుంచి గ్యాసు తీసి వాడారు. ఈ తేలే డ్రమ్ము నమూనాకు 1950లలో జష్‌భాయ్ పటేల్ రూపమిచ్చారు. 1960ల మొదట్లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ దాన్ని చేపట్టింది. 1981-82లో కేంద్రం జాతీయ పథకం పెట్టి సబ్సిడీ ఇవ్వడం మొదలయ్యాక ఊరూరా గుంతలు తవ్వారు. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో ఆ ఊపులోనే నేనూ పుట్టాను. అప్పటికే దీనబంధు నమూనా వచ్చేసింది. దానికి ఇనుముండదు, అంతా ఇటుక గుమ్మటమే, ఖర్చూ తక్కువ. అయితే గుమ్మటంలో వెంట్రుకవాసి నెర్రె ఉన్నా గ్యాసు పోతుంది, ఎక్కడ పోతోందో కనపడదు. మా ఊళ్ళో ఆ పని తెలిసిన మేస్త్రీ లేడు. అందుకని పెద్దాయన నన్నే కట్టించాడు.

మొదటిసారి నింపాక వారాల తరబడి ఎదురుచూశారు. డ్రమ్ము లేచింది. ఊరంతా మూగింది. కుళాయి తిప్పి పుల్ల గీస్తే మంట రాలేదు. ఇంకో పుల్ల, ఇంకో పుల్ల. "పేడలో నిప్పే ఉంటే మన పాక ఎప్పుడో తగలబడేది గదయ్యా" అని పెద్దామె నలుగురిలో నవ్వేసింది. మొదట వచ్చే గ్యాసులో బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, అది మండదు. పైగా డ్రమ్ములో మిగిలిన గాలితో కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని బయటికి వదిలేయడమే క్షేమం. అలా ఒకటి రెండు సార్లు వదిలాక నీలి మంట పట్టుకుంది.

ఇందులో నా గొప్పేమీ లేదు. గాలి తగలని చోటే బతికే సూక్ష్మజీవులు కొన్ని గొడ్డు పొట్టలో నుంచి పేడతో పాటే నా కడుపులోకి వస్తాయి. అవి చేసే గ్యాసులో నూటికి 55 నుంచి 65 పాళ్ళు మీథేన్, మిగతాది చాలావరకు బొగ్గుపులుసు వాయువు. చిటికెడు హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. కుళ్ళిన గుడ్డు వాసన దానిదే, నా ఇనుమును తినేదీ అదే. ఈ జీవాలకు 35 డిగ్రీల వెచ్చదనం ఇష్టం. ప్రకాశం జిల్లా ఎండలను జనం తిట్టుకుంటారు గానీ నాకు మాత్రం అవే బలం. పుష్య మాసపు చలిలో మందగిస్తాను. ఫినాయిలు కలిసిన నీళ్ళు పోస్తే జీవాలు చస్తాయి. గడ్డిపోచలు ఏరకుండా పోస్తే పైన తెట్టు కడుతుంది, ఇసుక కలిస్తే అడుగున పేరుకుంటుంది. అంటే నాకు తిండి పెట్టడమే కాదు, చేత్తో పిసికి, ఏరి పెట్టాలి. ఆ పని ఇంట్లో ఎవరు చేశారో వేరే చెప్పక్కర్లేదు. సబ్సిడీ కాగితాల మీద సంతకాలు మాత్రం పెద్దాయనవి.

పెద్దామెకు మొదట్లో నేనంటే గిట్టలేదు. "పేడ గ్యాసు మీద వండింది దేవుడికి నైవేద్యం పెడతామా?" అంది. "ఇన్నాళ్ళూ పిడకల దాలిలో కాగిన పాలే గదత్తయ్యా దేవుడికి పెట్టాం?" అంది కోడలు. అత్త మారు మాట్లాడలేదు గానీ నెల దాకా నా పొయ్యి ముట్టుకోనూ లేదు. గిన్నెలకు మసి పట్టడం లేదని, పొగకు కళ్ళు మండటం లేదని తెలిశాక మెల్లగా వచ్చింది. దాలి మీద పొద్దంతా కాగి ఎర్రబడ్డ పాల మీద మీగడ నా వల్ల కాదు. అది నేనూ ఒప్పుకుంటాను.

పొగ సంగతి మావాళ్ళకంటే ముందే పట్టించుకున్నాయన ఒకరున్నారు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాల డైరెక్టరుగా ఉన్న ఎస్.పి. రాజు. కట్టెల పొయ్యికే గొట్టం అమర్చి పొగను ఇంటి బయటికి పంపే పొయ్యిని తయారుచేసి, 1953లో దాని మీద పుస్తకమే వేశారు. కట్టె మానమని ఆయన అనలేదు, పొగ మానమన్నారు. మామూలు మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె వేడిలో పదో వంతు గిన్నెకు చేరితే గొప్ప. తక్కినదంతా గోడలకు, గాలికి, వండే మనిషి ముఖానికి.

ఇక కట్టెల లెక్కకు వద్దాం. నన్ను కట్టేటప్పుడు అందరూ చెప్పిన మాట, నా వల్ల అడవి మిగులుతుందని. ఒక ఘనమీటరు గ్యాసు సుమారు మూడున్నర కిలోల కట్టెకు సమానం. కడుపు నిండా పెడితే నేను రోజుకు 2 ఘనమీటర్లు ఇస్తాను, అంటే ఏడు కిలోలు. ఏడాదికి రెండున్నర టన్నులు. తక్కువేం కాదు. కానీ నా పక్కనే, పెరటి గోడకు అవతల, ఇదే రైతుకు పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది. సంక్రాంతి వెళ్ళేసరికి ఆకు రెలుపులు, కర్రలకు అల్లికలు, ఆ వెనకే బ్యారన్ వెలిగించడం. ఒక్కో దఫా ఐదారు రోజులు పగలూ రాత్రీ మంట ఆరకూడదు. ముందు ఆకు పసుపెక్కే దాకా సన్నసెగ, తరవాత ఈనె ఎండేదాకా 70 డిగ్రీల వరకు. కిలో ఆకు ఆరాలంటే నాలుగైదు కిలోల కట్టె కాలుతుంది. సీజనుకు మూడు టన్నుల ఆకు దించితే 12 నుంచి 15 టన్నుల కట్టె. నేను ఐదారేళ్ళు కష్టపడి మిగిల్చింది నా గోడవతల ఒక్క సీజనులో బూడిదయ్యేది. వంటింటి ఆడవాళ్ళు నాలుగు పుల్లలు విరుచుకొస్తే అడవి పోతోందని ఉపన్యాసాలు చెప్పారు గానీ, లారీల మీద దిగిన మొద్దుల గురించి నా ముందు ఎవరూ నోరెత్తలేదు. నాకున్న కడుపుమంటల్లో పెద్దది ఇదే.

రైతును అనడం కూడా న్యాయం కాదు. పొగాకు అమ్మితేనే పిల్ల పెళ్ళి, పిల్లాడి చదువు. ఆ మొద్దుల్లోనూ మార్పు వచ్చింది. అడవి కట్టె తగ్గి సుబాబుల్, చీరాల వైపు ఇసుక నేలల సరుగుడు, చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ వచ్చాయి. సుబాబుల్ లావు దుంగలు కాగితం మిల్లుకు పోతే కొమ్మలు బ్యారన్‌కు వస్తాయి. సర్కారు తుమ్మను ఎంత నరికినా మళ్ళీ చిగురిస్తుంది, ముళ్ళున్నా మంట మంచిది. నరికితే మళ్ళీ పెరిగే చెట్టును, ఎండబెట్టి, సమంగా కాలిస్తే నాకు అభ్యంతరం లేదు. పచ్చి కట్టె పెట్టి ఊదుతూ కూర్చోవడమే తెలివితక్కువ. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీళ్ళే ఉంటాయి, ముందు ఆ నీళ్ళు కాగాలి, తరవాతే అన్నం.

నా కష్టకాలం కట్టె వల్ల రాలేదు, ట్రాక్టరు వల్ల వచ్చింది. నన్ను కట్టినప్పుడు పాకలో రెండు జతల ఒంగోలు ఎడ్లు, పాడి గేదెలు, దూడలు. పేడ మిగిలేది. ట్రాక్టరు అద్దెకు దొరకడం మొదలయ్యాక ఎడ్లను మేపడం దండగ అన్నారు. ముందు ఒక జత పోయింది, తరవాత రెండోది. ఇక తొట్టి నిండలేదు, డ్రమ్ము లేవలేదు, పొయ్యి వెలగలేదు. అది నా లోపమని ఊరంతా చెప్పుకున్నారు. "గోబర్ గ్యాసు పనిచెయ్యదంట" అన్న మాట పక్క ఊళ్ళకూ పాకింది. 1999లో దీపం పథకం వచ్చాక ఆడవాళ్ళ పేర గ్యాసు బండలు ఇంటింటికీ చేరాయి. బండకు పేడ కలపక్కర్లేదు, తెట్టు తియ్యక్కర్లేదు. కోడలు నన్ను వదిలేసిందంటే ఆమెను తప్పుపట్టను. డ్రమ్ము తుప్పు పట్టి చిల్లులు పడింది. కోళ్ళు నా మీదెక్కి కూసేవి.

పేడ చాలకపోతే ఎంతటివాళ్ళయినా దారి మార్చుకోవలసిందే. కర్ణాటకలో తుమకూరు జిల్లా పుర అనే చిన్న ఊళ్ళో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి అమూల్య రెడ్డి బృందం ఊరుమ్మడి ప్లాంటు కట్టింది. అన్ని పొయ్యిలకూ సరిపడే గ్యాసు రాలేదు. ఊరివాళ్ళకు అంతకంటే ముందు కావలసింది మంచినీళ్ళని తెలిసింది. 1987 నుంచి ఆ గ్యాసుతో ఇంజను తిప్పి దీపాలు వెలిగించారు, బోరునీళ్ళు ఇళ్ళకు పంపారు. పేడ తెచ్చినవాళ్ళకు డబ్బులు ముట్టాయి, గ్యాసు పోగా మిగిలిన, సారం పోని స్లర్రీ కూడా వాళ్ళ పొలానికే తిరిగివెళ్ళింది. ఆ ఊరు బాగుపడిందంటే ప్లాంటుకు పేడ ఎంత వస్తుందో చూసి, దాన్నిబట్టి పని మార్చారు గనకే.

నన్ను మళ్ళీ లేపింది మనవడు. పాలకేంద్రానికి పొయ్యడానికి రెండు ముర్రా గేదెలు తెచ్చాడు. బండ ధర చూశాడు, నన్నూ చూశాడు. డ్రమ్ము తీసేసి నిచ్చెన దించి దిగబోతుంటే అతని తల్లి, ఒకప్పటి కోడలే, పరుగున వచ్చి రెక్క పట్టుకుని లాగింది. "ఒరేయ్, ముందు పైకి రా. పాత గుంట అది. దిగినోడు దిగినట్టే ఉంటాడు" అని అరిచింది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అడుగున ఊపిరికి గాలి ఉండదు, ఉన్న గ్యాసు మనిషిని కేక కూడా వెయ్యనివ్వదు, కాపాడబోయి దిగిన రెండో మనిషీ పోతాడు. అంతా పైనుంచే తోడారు. తరవాత ఫైబర్ డ్రమ్ము పెట్టారు. దానికి తుప్పు పట్టదు, ఏటా నల్లరంగు పుయ్యక్కర్లేదు.

ఇప్పుడు నాకు వచ్చేది రోజుకు 30 కిలోల పేడే. అందులోంచి ఘనమీటరు పైచిలుకు గ్యాసు. నెల తిరిగేసరికి ఒక బండకు దాదాపు సరిపోతుంది. బండ ఇంకా ఉంది, చుట్టాలొచ్చిన రోజుకు. 2024లో వచ్చిన సూర్యఘర్ పథకం కింద మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించారు. ఎండ కాసిన రోజున పది పన్నెండు యూనిట్లు వస్తాయట. ఫ్యాన్లు, మోటారు వాటి వంతు. పొద్దుగుంకితే వాటి పని ఆగుతుంది, నాది ఆగదు. అలాగని నేను మోటారు తిప్పలేను. స్నానాల కాగు కింద ఇప్పటికీ కందికట్టే, పెళ్ళికి గాడిపొయ్యిలో మొద్దులే. పెరట్లో బీర, దొండ పాదులకు నా నుంచి వచ్చే స్లర్రీ పోస్తున్నారు. దానికి పచ్చిపేడ వాసన ఉండదు, ఈగలు ముసరవు. రైతుకు గ్యాసు కంటే అదే ఎక్కువ లాభమని నా అభిప్రాయం. ఎందుకో లెక్కల్లో మాత్రం దాన్ని చివర రాస్తారు.

ఈ మధ్య మళ్ళీ నాలాంటివాళ్ళ గురించి అడుగుతూ పొరుగూళ్ళ వాళ్ళు వస్తున్నారు. ఎంత సబ్సిడీ వస్తుందనేదే మొదటి ప్రశ్న. వాళ్ళకు మనవడు చెప్పే మాటే మీకూ చెబుతున్నాను. గేదె రోజుకు 15 కిలోల పేడ వేస్తుంది, ఆవు 10 కిలోలు. ఒక ఘనమీటరు గ్యాసుకు 25 కిలోలు కావాలి. ముందు మీ పాకలో పశువులెన్నో లెక్కపెట్టండి, పదేళ్ళ తరవాత ఎన్ని ఉంటాయో ఆలోచించండి, రోజూ పేడ కలిపేది ఎవరో ఆ మనిషిని అడగండి. ఆ తరవాతే మేస్త్రీని పిలవండి.