కామా దగ్గర తెగిపోయిన రావుగారు

తెలుగువాడి పొడి అక్షరాల పక్కన చుక్క పెట్టడం తప్పని 1982లోనే తేలిపోయింది. ఈమెయిల్ రాతకు ధర్మశాస్త్రమైన ఆర్‌ఎఫ్‌సీ 822 ఆ ఏడాది వచ్చింది. కొటేషన్ గుర్తుల్లో చుట్టని పేరులో చుక్క ఉండరాదని దాని వ్యాకరణం. 1991లో పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారు. దేశం ఒప్పుకుంది కానీ, ఆయన చుక్కల్ని ఆర్‌ఎఫ్‌సీ ఒప్పుకోలేదు.

2001లో దాని స్థానంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2822 దయ తలిచింది. జనం పొడి అక్షరాలకు చుక్కలు పెట్టడం మానడం లేదని గమనించి, వస్తే చదువుకోండి, మీరు మాత్రం రాయకండి అంది. ఈ దయ కూడా ఎక్కడ చూపింది? ‘కాలం చెల్లిన రాత’ అనే విభాగంలో! పాత నిబంధనల్లో ఎక్కడా దీనికి అనుమతి లేదని అక్కడే రాసుకుంది. ఎన్నడూ చెల్లనిదానికి కాలం చెల్లిందనడం, పుట్టని బిడ్డకు పెద్దకర్మ చేయడమే. 2008 నాటి 5322 కూడా ఆ కర్మను భక్తితో కొనసాగించింది.

చుక్కను చాలా ప్రోగ్రాములు చూసీచూడనట్టు వదిలేస్తాయి. కామా అలా కాదు, కత్తి. టెర్మినల్లో ‘రావు, కె.వి.’ అని రాసి పక్కన అడ్రసు పెట్టండి. మెయిల్ పంపే ప్రోగ్రాముకు అక్కడ ఒక మనిషి కాదు, ఇద్దరు కనిపిస్తారు. ఒకడు ‘రావు’, ఈ కంప్యూటర్లోనే కాపురముంటున్నాడని దాని నమ్మకం. రెండోవాడు ‘కె.వి.’, అడ్రసు వాడికి దక్కుతుంది. పేరు పక్కన బ్రాకెట్లలో ‘ఎం.ఎ.’ అని వేసుకున్నారా? అది వ్యాఖ్య కింద లెక్క, పట్టా పోయినట్టే. కోలన్ పెడితే ఆ పేరు ఒక బృందం పేరైపోతుంది.

కొటేషన్‌లో పెట్టమని మాన్యువల్లో ఉందిగా అంటారు పండితులు. పెట్టాం బాబూ! ఆ కొటేషన్లను ప్రోగ్రాముకు చేరకముందే, టెర్మినల్లో మన ఆదేశాలు చదివే షెల్ మింగేస్తుంది. జంట కొటేషన్ బతకాలంటే దాని చుట్టూ ఒంటి కొటేషన్ కాపలా పెట్టాలి. ఆ కాపలా ఉన్నచోట ఐర్లండ్ నుంచి ఓ'బ్రయన్ గారు వస్తే, ఆయన పేరులోని గుర్తే కాపలాను తెంచేస్తుంది. షెల్ మాత్రం కొటేషన్ ఇంకా మూయలేదనుకుని తరవాతి వరస కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. తిట్టదు, చెప్పదు.

తిట్టే ప్రోగ్రాముతో పేచీ లేదు. ఉత్తరాన్ని మౌనంగా ఇంకెవరికో పడేసి, పని విజయవంతమైందని సున్నా చూపించే ప్రోగ్రాముతోనే నా తగువు. పేరునూ అడ్రసునూ వేరువేరుగా తీసుకుని, అవసరమైతే తనే కొటేషన్ తొడిగే ‘ఫార్మాట్‌అడ్ర్’ అనే ఫంక్షన్ పైథాన్‌లో ఎప్పటినుంచో ఉంది. అయినా మన వీరులు డేటాబేసులో పేరును అడ్రసుకు అతికించి టపాలో వేస్తూనే ఉన్నారు. తీరా బెడిసికొడితే పేరులో ప్రత్యేక అక్షరాలు వాడరాదని దరఖాస్తు ఫారమ్ మీద ఎర్రక్షరాల్లో రాస్తారు.

తప్పించుకునే దారి ఒకటుంది. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 ప్రకారం తెలుగు లిపిలోని పేరును చుక్కా కామాలతో సహా బేస్64లోకి మార్చేయొచ్చు. అక్కడ కోయడానికి కామా దొరకదు. ఆ మార్పిడి తెలియని పాత ప్రోగ్రాముకైతే ముందే మీరే చేసి ఇవ్వాలి. అప్పుడు మన రావుగారి పేరు ఒక సమానం గుర్తుతో మొదలై, ఆ వెంటనే ప్రశ్నార్థకం తగిలించుకుంటుంది.