టిక్కు పడింది, రోగి క్షేమం

మన సర్కారీ ఆసుపత్రుల్లో ఆపరేషన్ భద్రత నూటికి నూరు శాతం. నమ్మకం లేనివాళ్లు కేస్‌షీట్లు తిరగేసుకోవచ్చు. చెక్‌లిస్టు అని ఒక కాగితం ఉంటుంది. రోగి పేరు సరిచూశారా? టిక్కు. ఏ వైపు కోయాలో గుర్తు పెట్టారా? టిక్కు. ఏ మందైనా పడదేమో కనుక్కున్నారా? టిక్కు. మాపులు, గాజ్ గుడ్డలు, సూదులు లెక్క సరిపోయాయా? టిక్కు. పంతొమ్మిదికి పంతొమ్మిది. ఒకే పెన్ను, ఒకే వాలు, ఒకే చెయ్యి. కాస్త కళ్లద్దాలు సర్దుకుని చూస్తే ఇంకో విశేషం కూడా తెలుస్తుంది. ‘రోగిని థియేటర్ నుంచి బయటికి పంపే ముందు’ అన్న గడిలో టిక్కు పడేటప్పటికి ఆ రోగి ఇంకా వార్డులోనే ఉన్నాడు, మంచినీళ్లు కూడా తాగొద్దన్నారని గోడకేసి చూస్తూ పడుకున్నాడు. ఆ రోజు చేయాల్సిన కేసులన్నిటికీ పొద్దున్నే వరసపెట్టి నింపేస్తే మధ్యాహ్నానికి పని తేలిక. రాత్రి జరగబోయే సూదుల లెక్క పొద్దున్నే చెప్పేసే ధైర్యం మన జ్యోతిష్కుల్లో ఒక్కరికీ లేదు.

ఈ కాగితం ఎక్కడో చలిదేశంలో పుట్టి మన నెత్తిన పడిందనుకునేవాళ్లున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో దీన్ని విడుదల చేసింది నిజమే. అతుల్ గవాండే అనే సర్జన్ బృందం ఎనిమిది నగరాల్లో పరీక్షించింది. సియాటిల్, టొరంటో, లండన్, ఆక్లండ్ ఒకవైపు. అమ్మాన్, మనీలా, టాంజానియాలోని ఇఫకారా, మన ఢిల్లీ ఇంకోవైపు. ఢిల్లీలో పరీక్ష జరిగింది సెయింట్ స్టీఫెన్స్‌లో, అది ధర్మాసుపత్రి. నేనుండే జియా సరాయ్ నుంచి అక్కడికి వెళ్లడం పెద్ద పనేం కాదు. ఐఐటీ స్టేషన్లో మెట్రో ఎక్కి, హౌజ్ ఖాస్‌లో ఒకసారి, కశ్మీరీ గేట్‌లో ఒకసారి మారి తీస్ హజారీలో దిగితే చాలు. అంటే ‘ఇవన్నీ అమెరికాలో చెల్లుతాయి సార్, మన దగ్గర కుదరవు’ అనే మాటకి జవాబు మెట్రో టికెట్టు దూరంలో ఉంది.

2009 జనవరిలో ఫలితాలు అచ్చయ్యాయి. ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి, తీవ్రమైన చిక్కులు 11 శాతం నుంచి 7కి తగ్గాయి. ఇవి అందరూ చెప్పే అంకెలు. నాకు మహా ఇష్టమైన అంకె వేరే ఉంది. ముఖ్యమైన ఆరు జాగ్రత్తలూ ఒక్కటి కూడా వదలకుండా పాటించిన కేసులు ఎన్ని అని కూడా వాళ్లు లెక్క తీశారు. చెక్‌లిస్టుకి ముందు 34 శాతం, తర్వాత 57 శాతం. పక్కన మనిషిని నిలబెట్టి గమనించినా, లండన్, టొరంటో కలిసినా వచ్చింది అంతే. పాపం, మన రిజిస్టర్లు చూసి నేర్చుకుని ఉంటే నూరు శాతం వచ్చేది.

కాగితాన్ని నింపడమే భద్రత అనుకునే జబ్బు మనదొక్కరిదే కాదనుకోండి. కెనడాలో ఒంటారియో రాష్ట్రం చెక్‌లిస్టుని తప్పనిసరి చేసింది. 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో బయటికొచ్చాయి. పాటిస్తున్నామని ఆసుపత్రులు చెప్పుకున్నది దాదాపు నూరు శాతం, మరణాలు తగ్గింది 0.71 నుంచి 0.65కి. అది చెప్పుకోదగ్గ తేడా కాదని ఆ పరిశోధకులే తేల్చారు. హుకుం జారీ చేసి నేర్పడం మరిచిపోతే డాలర్లున్న చోటా అంతే.

ఇంతకీ నేనుండే జియా సరాయ్ సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఐఐటీ గోడ పక్కన ఇరుక్కున్న ఊరిది. గేటు, నెట్టు, ఇంజనీరింగ్ సర్వీసెస్, సివిల్స్, ఏ పరీక్షకైనా ఇక్కడ నోట్సు దొరుకుతుంది. సందులో ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి ఒత్తుకోవాలి, తలమీద తీగలు, ప్రతి మెట్ల కింద ఒక జిరాక్సు మిషను. మన ఆసుపత్రి చెక్‌లిస్టు కూడా ఇక్కడి నోట్సులాంటిదే. మూలం ఎవరూ చదవరు, కాపీ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది. పక్క గదిలో నల్గొండ కుర్రాడు సివిల్స్‌కి చదువుతున్నాడు. వనరులు తక్కువున్న ఆసుపత్రుల్లో ఆపరేషన్ భద్రత మీద అతను రాసిన జవాబు చూపించాడు. సామర్థ్య పెంపు, డిజిటల్ డ్యాష్‌బోర్డు, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యం, సమగ్ర దృక్పథం. చివర్లో ‘వే ఫార్వర్డ్’ కింద బాణం గుర్తులు. థియేటర్‌లో సూదులు కౌంట్ చేయాల్సిన సిస్టరు గురించి ఒక్క ముక్క లేదేం తమ్ముడూ అన్నాను. “అన్నా, పది మార్కులకి నూట యాభై పదాలు. అందులో సిస్టర్‌ని ఎక్కడ పెట్టమంటావ్?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. మన ఆరోగ్య విధానం మొత్తం ఆ ఒక్క వాక్యంలో చెప్పేశాడు.

సిస్టర్‌కి చోటు లేని జవాబులు బయట ఎలా అమలవుతాయో చూడండి. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర మూతపడిన ఆసుపత్రి భవనంలో కుటుంబ నియంత్రణ క్యాంపు పెట్టారు. ఒక్క డాక్టరు, 83 మంది ఆడవాళ్లు. పదిమందికి పైగా చనిపోయారు. ఒక బృందం రోజుకి 30కి మించి చేయకూడదని కేంద్రం రాసిపెట్టిన నిబంధన అప్పటికే ఉంది. అదే డాక్టరుకి వేలకు వేల ఆపరేషన్లు చేశాడని ఆ ఏడాది మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం సన్మానం కూడా చేసింది. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులు మూడేళ్లలో ఆపేయమంది. మూడేళ్లంటే 2019. మనం లెక్కల్లో కాస్త నిదానం. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గర ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ పద్ధతిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు పోయారు. మిగిలినవాళ్లని హైదరాబాద్‌లోని నిమ్స్‌కి, అపోలోకి తరలించి కాపాడుకోవాల్సి వచ్చింది. విచారణ, సస్పెన్షను, పరిహారం, అన్నీ వరసగా జరిగాయి. ఆ వరసకి మాత్రం మన దగ్గర చెక్‌లిస్టు అక్కర్లేదు, నోటికొచ్చు.

“వనరులు లేవండీ” అంటారు. ఆ మాట వింటే ఎవరికైనా కళ్లు చెమరుస్తాయి. మరి కోత పెట్టే ముందు ఒక్క నిమిషం ఆగి, ఈ మనిషి ఎవరు, ఏ ఆపరేషను, ఏ వైపు అని పైకి చదవడానికి ఎంత బడ్జెట్ కావాలి? గుర్తు పెట్టే మార్కర్ పెన్ను ఏ టెండర్లో ఆగింది? కోతకి ముందు గంటలోపు ఇవ్వాల్సిన యాంటీబయాటిక్ కొనే ఉంది, వార్డులో తెల్లవారుజామునే పొడిచేస్తున్నారు, అంతే. కోవిడ్‌లో ఇంటింటా కొనుక్కున్న ఆక్సీమీటరు థియేటర్‌లో పనిచేయకపోతే అది పేదరికం కాదు. వనరులే కారణమైతే 2019లో నిమ్స్‌లో ఏం జరిగినట్టు? కొన్ని నెలల కిందట అక్కడే ఆపరేషనైన ఆమె కడుపునొప్పని వస్తే ఎక్స్‌రేలో ఫోర్సెప్స్ కనబడింది. నిమ్స్‌కి పనిముట్లు లెక్కపెట్టే స్తోమత లేదని ఎవరైనా అంటారా?

పత్రికలవాళ్లం మేమూ తక్కువ తినలేదు. 2024లో కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో ఒకామె ‘అదుర్స్’ సినిమా చూస్తుండగా మెదడులో కణితి తీశారు. గొప్ప పనే. మనిషి మెలకువగా ఉంటేనే ఆ ఆపరేషను సాగుతుంది, సినిమా అందుకే. కానీ హెడ్డింగు జూనియర్ ఎన్టీఆర్‌కి దక్కింది. ఆ రోజు గాజ్ గుడ్డలు లెక్కపెట్టిన సిస్టర్ ఎవరో ఎవరూ అడగలేదు.

వనరుల్లో నిజంగా లేనిదల్లా లెక్కపెట్టే సిస్టరే. అసలు కరువు అక్కడుంది. లెక్క ఇద్దరు కలిసి, పైకి చెప్పుకుంటూ చేయాలి. ఒకరు చేతులు కడుక్కుని పనిముట్లు అందిస్తుంటే ఇంకొకరు విడిగా నిలబడి లెక్క రాయాలి. రెండు టేబుళ్లకి ఒక్క సిస్టర్‌ని పెట్టి, ఆవిడ చేతికే పంతొమ్మిది గడుల కాగితమిచ్చి, ఒక్క గడి ఖాళీగా ఉన్నా మెమో అంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? పొద్దున్నే టిక్కులు పెడుతుంది. తప్పుడు టిక్కు పెట్టింది ఆవిడే, పెట్టించింది సమీక్ష సమావేశం. ఖాళీ గడి నిజం చెబుతుంది కాబట్టి మనకది నచ్చదు.

నల్గొండ తమ్ముడూ, నీకు మంచి ర్యాంకే రావాలి. రేపు ఏదో జిల్లాకి కలెక్టరువై ఆసుపత్రి మీద సమీక్ష పెడతావు, స్క్రీను మీద నూరు శాతం పచ్చగా కనిపిస్తుంది. అప్పుడు చప్పట్లు కొట్టకుండా ఒక్కటే అడుగు: నిన్న థియేటర్‌లో లెక్క రాసిన రెండో సిస్టర్ పేరేంటి? సూపరింటెండెంటు నీళ్లు నమిలితే, డ్యాష్‌బోర్డు కట్టేసి ముందు ఆ పోస్టు భర్తీ చేయించు.