త్రో-ఇన్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: "ఆగు బిడ్డా. నేనిచ్చినంక ఎయ్యి."

అవతారిక: ఈ సూత్రం ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు పక్కన ఒకానొక కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో వెలువడింది. ద్రష్ట రెఫరీ. దేవతా ఆయనే. విజిల్ ఊదకుండా నోటితో అన్నాడు కనుక ఛందస్సు లేదు, వచనం. ఎండ్ లైన్ దగ్గర ఆట ఆపడంలో వినియోగం.

టీక: 'ఆగు' సుగమం. 'బిడ్డా' వాత్సల్యార్థకం, గ్రౌండులో మాత్రం బెదిరింపు. 'ఎయ్యి'కి 'వెయ్యి' అని పాఠాంతరం. అప్పుడు వెయ్యి లెక్కపెట్టేదాకా ఆగమని భావం. ఆనాడు జరిగినదాన్ని బట్టి ఈ పాఠమే సాధువు.

చిక్కంతా 'నేను' దగ్గర. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆ రెండో ఒట్టు మా వల్ల కాదు. కాబట్టి వ్యాకరణంలోకి వెళ్దాం.

చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చాడు. అందులో యడాగమం మాకు ప్రాణం. రెండు అచ్చులు ఎదురుపడి సంధి కుదరకపోతే మధ్యలోకి యకారం వస్తుంది. మా, అమ్మ కలిసి మాయమ్మ అవుతుంది. ఆ యకారం మర్యాద చూడండి! ఎవర్నీ తోసెయ్యదు, తనకంటూ అర్థం కోరదు, పని కాగానే వినపడీ వినపడనట్టు ఉండిపోతుంది. ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నవాణ్ణి లేపి కూర్చుంటుందని పెద్దలు ఊరికే అనలేదు. రాముడు, అతడు కలిసి రాముడతడైన చోట సంధి దానంతట అదే జరిగిపోయింది. అక్కడికి యకారం రానే రాదు. పిలవని పేరంటానికి వెళ్లే అక్షరం కాదది. మా చిన్నప్పటి తెలుగు మాస్టారు ఈ సూత్రం చెప్పేటప్పుడు... సరే, రెఫరీ ఎదురుచూస్తున్నాడు.

ఆటలో రెఫరీ ఆ యకారం లాంటివాడే. ఫౌలైతేనో, బంతి లైను దాటితేనో సంధి లేదు. అక్కడ రెఫరీ రావాలి. చోటు చూపాలి, బంతి అందించాలి. నాలుగు మీటర్ల లోపు ఉంటే నేలకు కొట్టి అందించినా అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నిబంధన ఒప్పుకుంటుంది. బాస్కెట్ పడ్డాక మాత్రం సంధి నిత్యం. గోల్ తిన్న జట్టు వాడెవడైనా బంతి తీసుకుని, ఎండ్ లైన్ వెనక ఎక్కణ్ణుంచైనా లోపలికి వెయ్యొచ్చు. లైను వెనకే ఉన్న తోటివాడికి ఇచ్చి వేయించినా తప్పులేదు. రెఫరీ పని చేత్తో ఐదు సెకన్లు లెక్కపెట్టడం.

మన ద్రష్ట ఏం చేశాడు? బాస్కెట్ పడగానే బంతి తానే పట్టాడు. చొక్కాకు తుడిచాడు. స్కోరర్ బల్ల వైపు చూశాడు. మళ్లీ తుడిచాడు. నాలుగో క్వార్టర్, ఓవర్‌టైమ్‌ల చివరి రెండు నిమిషాల్లో తప్ప గోల్ పడ్డాక గడియారం ఆగదు. ఓడిపోతున్న పిల్లల సమయం ఆయన చొక్కా మీద అరిగిపోయింది.

ప్రమాణం: ఈ ఆటను కనిపెట్టిన నైస్మిత్ 1892లో అచ్చువేసిన పదమూడు నిబంధనల్లో తొమ్మిదోది చూడుడు. ఐదు సెకన్ల గడువు అప్పటిదే. అప్పట్లో బయటికి పోయిన బంతి ముందు ఎవరు ముట్టుకుంటే వాళ్లది. దానికోసం జరిగే కుమ్ములాట చూడలేక 1913లో ఆ పద్ధతి మార్చారు. ఆట పదే పదే సాగదీసే జట్టుకు ఫౌల్ వెయ్యమని కూడా ఆ తొమ్మిదో నిబంధనలోనే ఉంది. సాగదీసేది అంపైరే అయితే ఏం చెయ్యాలో నైస్మిత్ రాయలేదు. పాపం, ఊహించి ఉండడు.

శంక: రెఫరీ అంత శ్రద్ధ పెడితే మంచిదే కదా?

సమాధానం: ఆ కోర్టులో ఎండ్ లైన్‌కు అడుగున్నర దూరంలో ప్రహరీ గోడ. బంతి వేసే కుర్రాడి మడమ గోడకు ఆనుతోంది. డిఫెండర్ అరచెయ్యి వాడి ముక్కు మీద ఆడుతోంది. లైను బయట రెండు మీటర్ల ఖాళీ లేకపోతే డిఫెండర్ ఒక మీటరు దూరం జరగాలన్నది నియమం. జరపాల్సినవాడు రెఫరీ. ఆ ఒక్క పనీ ఆయన చెయ్యలేదు. పైగా తన తుడుపు అయ్యాక అయిదూ గబగబా లెక్కపెట్టేసి విజిల్ ఊదాడు. బంతి పోయింది. పిల్లవాడు నోరెత్తితే టెక్నికల్ ఫౌల్ అన్నాడు.

తాత్పర్యం: సారూ, బాస్కెట్ పడ్డాక బంతి ముట్టుకోకండి. గోడ దగ్గర డిఫెండర్‌ను ఒక మీటరు వెనక్కి పంపండి.