కొండ ఎక్కేది ఫొటో కోసమా?

మా రోజుల్లో సియోల్ జనం కొండెక్కితే నలుగురితో కలిసి కూర్చోవడానికి ఎక్కేవారు. ఇప్పుడు ఎక్కేది ఫొటో దిగడానికి. ఈ మాట అంటే ఇక్కడి మన తెలుగు కుర్రాళ్లు ముసలాయన చాదస్తం అంటారు. అననీ, నేను చూసింది నేను చెప్తాను.

తొంభైల చివర్లో నేను ఉద్యోగానికి కొరియా వచ్చేసరికి ఈ దేశం 1997 ఆర్థిక సంక్షోభంతో కుదేలై ఉంది. ఉద్యోగం ఊడిన సంగతి ఇంట్లో చెప్పుకోలేక, పొద్దున్నే సూటు తొడుక్కుని బయల్దేరి కొండల్లో పొద్దుపుచ్చిన మగవాళ్లు ఉండేవారు. శనివారం కూడా పని ఉండేది కాబట్టి, వారానికి ఐదు రోజుల పని 2004లో మొదలయ్యేదాకా జనానికి దొరికిందల్లా ఆదివారమే. ఆ ఒక్క రోజూ కొండ దగ్గరి దోబోంగ్‌సాన్ స్టేషన్‌లో కాలు పెట్టే చోటుండేది కాదు. దారి మొదట్లో అమ్మేవాళ్ల దగ్గర గింబాప్ అన్నం చుట్టలు, కీరా దోసకాయలు కొని సంచిలో వేసుకుని ఎక్కేవాళ్లం.

ఓసారి శిఖరం కింద బండ మీద ఒక్కణ్ణే కూర్చుని ఉంటే, పక్క చాప మీది హల్మొని, అంటే బామ్మ, చెయ్యూపి పిలిచింది. మాంసం తిననని సైగ చేశాను. ఆవిడ గింబాప్ ముక్కల్లోంచి హామ్‌ని చాప్‌స్టిక్‌లతో ఒక్కొక్కటే లాగేసి, మిగిలింది నా చేతిలో పెట్టింది. కీరా విరిచి సగం ఇచ్చింది. పేరు అడగలేదు, నేనూ చెప్పలేదు. దిగేవాళ్లు ఎదురైతే "అన్యోంగ్ హసెయో" అనేవారు. ఇంకా గంట నడక ఉన్నా "వచ్చేశారు, ఇంకాస్తే" అని ధైర్యం చెప్పేవారు.

ఇప్పుడు బుక్‌హన్‌సాన్ కొండ మీది 836 మీటర్ల బేగుందే శిఖరానికి వెళ్లి చూడండి. ఇనుప తాడు పట్టుకుని బండ ఎక్కినవాళ్లు పైన జెండా పక్కన ఫొటో కోసం వరస కడతారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. వంతు రాగానే నాలుగు ఫొటోలు, ఆ వెంటనే దిగుడు. బ్లాక్‌యాక్ అనే కొండెక్కే బట్టల కంపెనీ వంద కొండల జాబితా పెట్టింది. శిఖరం దగ్గర ఫొటో తీసి పంపితే ఆ కొండ ఎక్కినట్టు లెక్క. అలా లెక్క పూర్తయ్యేసరికి దారిలో ఒక్క మనిషితోనూ మాట్లాడి ఉండరు.

బాగుపడినవి లేవని నేననను. జాతీయ పార్కుల్లో ప్రవేశ రుసుము 2007లో ఎత్తేశారు. మక్‌గొల్లి అనే బియ్యపు మద్యం తాగి జారిపడేవాళ్లు ఉండేవారు కాబట్టి, 2018లో అక్కడి శిఖరాల మీద మద్యం నిషేధించడం మంచి పనే. 2022లో బుక్‌హన్‌సాన్ కింద విదేశీయులకి బూట్లు, బట్టలు అద్దెకిచ్చే కేంద్రం తెరిచారు. మా కాలంలో అదే ఉంటే ఎంత సుఖపడేవాళ్లమో! కానీ మక్‌గొల్లి వద్దన్నారు గాని, పక్కవాడికి కీరా ముక్క ఇవ్వొద్దని ఎవరూ అనలేదే!

నా బాధంతా పెద్దవాళ్ల గురించి. కొరియా యుద్ధం తర్వాత ఈ కొండలు చాలావరకు బోడిగా మిగిలాయి. 1973లో మొదలైన అడవుల పథకం కింద ఊళ్లకి ఊళ్లే కదిలి మొక్కలు నాటాయి. ఈరోజు చేతికర్ర సాయంతో నెమ్మదిగా ఎక్కుతున్న తాతల్లో, బామ్మల్లో ఆ మొక్కలు నాటిన చేతులూ ఉన్నాయి. అలాంటివాళ్లని పలకరించకుండా, భుజం రాసుకుంటూ దాటిపోవడం మర్యాదేనా?

సియోల్‌లో, సువోన్‌లో ఉంటున్న మన పిల్లలకి నేను చెప్పేది ఒక్కటే. ఈ ఆదివారం కొండకి వెళ్లండి నాయనా. ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకోండి. ఎదురైన ప్రతి పెద్దమనిషినీ నోరారా పలకరించండి. సంచిలో ఒక కీరా ఎక్కువే వేసుకోండి, పక్కన కూర్చున్నవాళ్లకి సగం ఇవ్వండి. ఫొటో ఆ తర్వాత తీసుకోవచ్చు.